చక్రాల ఇల్లు: స్వేచ్ఛ, ఆవశ్యకత

స్వేచ్ఛ అనే మాటను మన కవులూ విమర్శకులూ వాడినంత విరివిగా మరే మాటనూ వాడలేదేమో! అయినా ఆ మాటకు ఎదురుగా ఒక నిర్దిష్టమైన మనిషిని, అతని పనిని, పనిముట్లను, నెలసరి ఖర్చును నిలబెట్టి, "ఇతడు స్వేచ్ఛాజీవియేనా?" అని అడిగిన వ్యాసాలు మనకు తక్కువ. ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది ఆ పని. నేను ఎన్నుకున్న మనిషి మన ఊళ్లలో కనిపించడు. అతడు అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో, అరిజోనా ఎడారిలోనో యూటా కొండల నడుమనో, ఒక వాన్‌లో కాపురం వుంటాడు. మంచం, పొయ్యి, నీళ్ల డబ్బా, ఒక చిన్న బల్ల, అన్నీ ఆ వాన్‌లోనే. ఆ బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని రోజుకు ఎనిమిది గంటలు ఎక్కడో వున్న ఒక కంపెనీకి పని చేస్తాడు. పని ముగించి తలుపు తీస్తే ఎదుట ఎర్రటి కొండలు. ఇల్లు లేదు గనుక అద్దె లేదు. ఆఫీసు లేదు గనుక పై అధికారి ముఖం చూడనక్కరలేదు. ఇంతకన్న స్వేచ్ఛ ఏముంటుందని అతడంటాడు.

అయితే ఈ స్వేచ్ఛ యావత్తూ ఒక సన్నని దారానికి వేలాడుతున్నది. దాని పేరు ఇంటర్నెట్. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఆ దారం తెగితే కొండలు కొండలుగానే వుంటాయి గాని ఉద్యోగం వుండదు. కనుక అతడు మకాం ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది అతని ఇష్టమా, ఆ దారమా? దారమే నిర్ణయిస్తున్నదంటే, ఆ దారాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిది? ఈ వ్యాసంలో విచారించవలసిన ప్రశ్నలు ఇవి.

"వరికి గిట్టుబాటు ధర రాని చోట, సంపన్న దేశంలో కొందరి విలాసం గురించి మనకెందుకయ్యా?" అని మిత్రులు కొందరు అడగవచ్చు. దీనికి నాకు రెండు సమాధానాలు తోస్తున్నవి. మొదటిది: ఆ వృత్తిలో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో వున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ పని పద్ధతి మన పల్లెలకు కూడా దిగింది. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని హైదరాబాదు కంపెనీకి పని చేసినవాళ్లను మనమంతా చూశాము. రెండవది: ఒక కొత్త శ్రమ రూపం తన స్వభావాన్ని పూర్తిగా బయటపెట్టేది దాని కొసలోనే. ఇంట్లో కూర్చుని పని చేసేవాడికి గోడ వెనుక తీగ వుంటుంది. అతడు దాన్ని గురించి ఆలోచించనక్కరలేదు. వాన్‌లో వున్నవాడికి తీగ లేదు. ప్రతిరోజూ దాన్ని వెతుక్కోవాలి. మనం గాలి సంగతిని నీట మునిగినప్పుడు తెలుసుకుంటాము గదా!

*

ముందు వస్తుస్థితి చూద్దాము. చక్రాల ఇంటికి ఇంటర్నెట్ వచ్చే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది సెల్ టవరు. ఫోనుకు వచ్చే సంకేతాన్నే మోడెంలోకి తీసుకుని కంప్యూటరుకు ఇవ్వడం. ఇందులో ప్రకృతి పెట్టిన ఒక నియమం వున్నది. 600, 700 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు దూరం పోతాయి, కొండ మలుపులను కొంతవరకు దాటుతాయి, కాని తక్కువ సరుకు మోస్తాయి. 2,500, 3,700 మెగాహెర్ట్జ్ ప్రాంతపువి ఎక్కువ సరుకు మోస్తాయి, కాని దూరం పోలేవు. పట్నంలో రెండూ దొరుకుతాయి. ఎడారిలో దొరికితే మొదటిదే దొరుకుతుంది. కప్పు మీద యాంటెన్నా బిగించుకుంటే లోహపు గోడల అడ్డం తప్పుతుంది. సంకేతాన్ని పెంచే బూస్టరు అనే యంత్రం వున్నది గాని, అది వున్న గొంతును పెద్దది చేయగలదే తప్ప లేని గొంతును పుట్టించలేదు. టవరు చుట్టూ జనం కిక్కిరిసి వున్నప్పుడు అది ఎందుకూ కొరగాదు.

రెండవది ఆకాశం. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుంటాయి. ప్రశ్న పైకి పోయి కిందికి రావాలి, జవాబు మళ్లీ పైకి పోయి కిందికి రావాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్ల ప్రయాణం. వెలుగు వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక, ఎంత డబ్బు పోసినా దాదాపు అర సెకను ఆలస్యం తప్పదు. ఉత్తరం చదవడానికి అది చాలు; నలుగురితో మాట్లాడడానికి చాలదు. స్పేస్‌ఎక్స్ కంపెనీ 2019 నుంచి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున వేలకొద్దీ చిన్న ఉపగ్రహాలను నింపుతూ వచ్చి, 2022లో స్టార్‌లింక్ పేర వాహనాలలో తిరిగేవారికి ప్రత్యేకంగా ఆ సేవను అమ్మడం మొదలుపెట్టింది. ఆలస్యం సెకనులో పదో వంతుకన్న బాగా తగ్గింది. అయితే ఆ పళ్లెం లాంటి యాంటెన్నాకు తెరిచిన ఆకాశం కావాలి. ఎడారి ఎండలో చెట్టు నీడన బండి ఆపితే ఒళ్లు చల్లబడుతుంది, సంకేతం తెగుతుంది. పైన్ చెట్ల అడవిలో ఆ పళ్లెం గుడ్డిది.

మూడవది ఇతరుల తీగ. ఊరి గ్రంథాలయం, క్యాంపు మైదానం, కాఫీ హోటలు. గ్రంథాలయం మూసిన తరువాత కూడా దాని ఆవరణలో బండి ఆపుకుని పని చేసుకునేవాళ్లున్నారు. క్యాంపు మైదానంలో ఒకే తీగను అందరూ పంచుకుంటారు గనుక సాయంత్రం కాగానే అది కదలదు.

ఈ మూడింటికీ కావలసినది కరెంటు. ఆకాశం వైపు చూసే పళ్లెం 50 నుంచి 75 వాట్లు తింటుందనుకుంటే, ఎనిమిది గంటలకు 400 నుంచి 600 వాట్-గంటలు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో వుండేది 1,200. అంటే ఒక బ్యాటరీలో మూడో వంతు నుంచి సగం దాకా సంకేతానికే పోతుంది. కంప్యూటరు, దీపం, ఫ్యాను, ఫ్రిజ్ మిగతాదానితో సర్దుకోవాలి. మబ్బు పట్టిన రోజున సౌరఫలకం చేతులెత్తేస్తుంది.

మా పినతండ్రిగారి పెద్దమ్మాయి అక్కడి పౌరురాలు. భర్తతో కలిసి ఏడాదిన్నర ఇట్లా వాన్‌లో తిరిగి పని చేసింది. ఆమె నాతో అన్న మాట ఇది: "మేము కొండలను చూసి ఊరు ఎంచుకోలేదురా తమ్ముడూ, టవరును చూసి ఎంచుకున్నాం." రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు, వాటికి తోడు పళ్లెం, ఇన్నీ వుంటేనే నిద్ర పట్టేదట. కొత్త చోటికి ఆదివారం మధ్యాహ్నమే చేరుకుని, అక్కడి నుంచి పంపే వేగం ఎంతో కొలిచేవారట. వచ్చే వేగం అందరూ చూస్తారు. కాని సమావేశంలో మన ముఖాన్నీ మాటనూ మోసుకుపోయేది పంపే వేగం. ఆ అంకె చాలకపోతే చీకటి పడకముందే మళ్లీ బయలుదేరడం.

*

ఈ మాట విని, "చూశారా, అది స్వేచ్ఛ కాదు, కట్టుగొయ్య కాస్త దూరంగా పాతిన గొడ్డు బ్రతుకు" అని తేల్చివేయడం సులభం. నేను అంత త్వరగా తేల్చడానికి సిద్ధంగా లేను. 1878లో పుస్తకంగా వచ్చిన ‘యాంటీ డూరింగ్’లో ఎంగెల్స్, హెగెల్ ఆలోచనను ఆధారం చేసుకుని, ప్రకృతి నియమాలు లేవని ఊహించుకోవడంలో స్వేచ్ఛ లేదని, వాటిని తెలుసుకుని మన ప్రయోజనాలకు వాటిచేత పని చేయించుకోవడంలోనే స్వేచ్ఛ వున్నదని వాదించాడు. ఆ కొలతతో చూస్తే మా అక్క చేసిన పనిలో నిజమైన స్వేచ్ఛ వున్నది. ఏ తరంగం కొండను దాటుతుందో, ఏది దాటదో తెలుసుకున్నది. ఎండ ఎన్ని గంటలో, బ్యాటరీ ఎంతో లెక్క కట్టింది. చెట్టు నీడకూ పళ్లానికీ పొత్తు కుదరదని గ్రహించి, మధ్యాహ్నం దాకా ఎండలో, తరువాత నీడలో వుండేలా రోజును మలచుకున్నది. తెలియని మనిషి ఆ కొండల దగ్గర ఒక్క పని దినమైనా గడపలేడు, ఆమె గడపగలిగింది. జ్ఞానం మనిషి తిరిగే మేరను పెంచింది. దీన్ని కాదనడం అన్యాయం.

కాని ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించక తప్పదు. ఆవశ్యకత రెండు విధాలు. ఒకటి ప్రకృతి పెట్టినది; రెండవది మనుషులు, మనుషులకు పెట్టినది. మొదటిదానితో బేరం లేదు, దాన్ని తెలుసుకోవాలి. రెండవదాన్ని తెలుసుకోవడంతో పని ముగియదు. అది న్యాయమో కాదో అడగాలి. న్యాయం కాకపోతే మార్చాలి. ఈ రోజుల్లో జరుగుతున్న పెద్ద మోసం ఏమిటంటే, రెండవ రకం ఆవశ్యకత మొదటిదాని వేషం వేసుకుని తిరుగుతున్నది.

నేను తెలుగు పాఠాలు చెప్పేవాడిని గనుక వాక్యాన్ని పట్టుకుని చెబుతాను. "సిగ్నల్ లేదు" అని మనం రోజూ అంటాము. "వాన లేదు" అన్నట్టే అంటాము. రెండు వాక్యాల నిర్మాణం ఒక్కటే. వాన లేదనడంలో తప్పు లేదు; వానను కురిపించవలసిన ఉద్యోగి ఎవడూ లేడు. కాని సిగ్నల్‌ను పంపేవాడు ఒకడున్నాడు. పంపకపోవడానికి అతనికి ఒక కారణం వున్నది. ఆ పంపేవాడు ఈ వాక్యంలో ఎక్కడా కనిపించడు. మన వ్యాకరణం అతన్ని దాచిపెడుతున్నది.

ఆ వాక్యాన్ని విప్పి చూడండి. నాలుగైదు వేర్వేరు సంగతులు బయటపడతాయి. నడుమ కొండ అడ్డం వచ్చింది: ఇది ప్రకృతి. ఆ లోయలో కొనుగోలుదార్లు తక్కువ గనుక టవరు వేయలేదు: ఇది లాభనష్టాల లెక్క. "అపరిమితం" అని పేరు పెట్టి అమ్మిన పథకంలో, ఫోను నుంచి కంప్యూటరుకు ఇచ్చే భాగానికి పరిమితి పెట్టి, అది దాటగానే వేగాన్ని నత్తనడకకు దించారు: ఇది ఒప్పంద పత్రంలోని చిన్న అక్షరం. రద్దీ వేళ తిరుగుళ్ల పథకం కొన్నవాడిని ఆ ప్రాంతపు గృహస్థుల వెనుక వరసలో నిలబెట్టారు: స్థిరంగా వున్నవాడికి ముందు ఇవ్వడం ఒక విధంగా న్యాయమే అనవచ్చు, కాని ఎక్కువ డబ్బు కడితే వరసలో ముందుకు జరిపే పథకం కూడా ఆ కంపెనీయే అమ్ముతున్నప్పుడు, వరసను నిర్ణయించేది న్యాయం కాదని తెలిసిపోతున్నది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ కూడా ఆ దేశంలోనే వున్నది. పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు చుట్టూ 1958లో సుమారు 13,000 చదరపు మైళ్ల మేర రేడియో నిశ్శబ్ద మండలాన్ని ఏర్పాటు చేశారు. టెలిస్కోపుకు దగ్గరి ఊళ్లలో సెల్ సంకేతం వుండదు. నక్షత్రాల నుంచి వచ్చే అతి బలహీనమైన తరంగాలు వినబడాలంటే మనుషుల గోల తగ్గాలి గదా. అక్కడ కూడా సిగ్నల్ లేదు. కాని ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో బహిరంగంగా వున్నది. కావాలంటే ఆ నిర్ణయంతో వాదించవచ్చు. ఎడారి లోయలో సిగ్నల్ లేకపోవడంతో వాదించడానికి మాత్రం ఎదుట ఎవరూ లేరు.

మరి ఆ తరంగాలు ఎవరివి? భారత సుప్రీం కోర్టు 1995లో వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అమెరికా ప్రభుత్వం 2021లో ముగిసిన ఒక్క వేలంలో, 3.7 గిగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాల హక్కులను 8,100 కోట్ల డాలర్లకు పైగా ధరకు కంపెనీలకు అమ్మింది. కంపెనీ ఆ సొమ్మును ఎక్కడ రాబడుతుంది? జనం మందంగా వున్న చోట. లోయలో కాదు. ప్రజల ఆస్తిని ప్రజల పేర అమ్మి, కొన్నవాడి లాభం ఎక్కడ వుంటే అక్కడికే వెలుగు పోనిచ్చి, మిగతా చోట "సిగ్నల్ లేదు" అనడం ప్రకృతి నియమం కాదు.

*

ఇక పనిముట్ల సంగతి. కార్మికుడు రెండు అర్థాలలో స్వతంత్రుడని మార్క్స్ చమత్కారంగా అన్నాడు: తన శ్రమను అమ్ముకోవడానికి స్వతంత్రుడు, ఉత్పత్తి సాధనాలు ఏవీ తన చేతిలో లేకుండా వాటి నుంచి కూడా స్వతంత్రుడు. వాన్‌లోని కార్మికుడి విషయంలో ఈ రెండవ అర్థం తలకిందులైనట్టు కనిపిస్తుంది. బండి అతనిదే. బ్యాటరీ, సౌరఫలకం, పళ్లెం, రెండు సిమ్ములు, బల్ల, కుర్చీ అతనివే. కర్మాగారాన్ని సొంత ఖర్చుతో కట్టుకుని, సొంత ఖర్చుతో మోసుకు తిరుగుతున్నాడు. అయినా అతడు యజమాని కాలేదు.

ఈ వింత మన చేనేత పేటలకు తెలియనిది కాదు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం నేతగాడి ఇంట్లోనే వుంటుంది. మగ్గం గుంట అతని నట్టింట్లోనే తవ్వుకుంటాడు. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, రంగూ అంచూ చెబుతాడు, చీర తీసుకుని మజూరీ ఇస్తాడు. వానాకాలంలో గుంటలోకి నీరు ఊరితే పని ఆగుతుంది. ఆ నష్టం నేతగాడిది. ఇల్లు తనదే, మగ్గం తనదే, వేళలు తనవే అని అతన్ని ఎవరైనా స్వేచ్ఛాజీవి అన్నారా? పనిముట్టు ఎవరిదన్న ఒక్క ప్రశ్నతో సరిపోదు. పనిని తెచ్చేవాడెవడు, సరుకును తీసుకుపోయేవాడెవడు, నడుమ ఆటంకం వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడు ప్రశ్నలూ వేస్తే గుంటలో ఊరిన నీరూ, ఎడారిలో తెగిన సంకేతమూ ఒకే కోవకు చెందుతాయి.

కూలిలో తేడా వున్న మాట నిజం. అమెరికా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతానికీ నేతగాడి మజూరీకీ పోలిక లేదు. ఆ తేడాను మరిచి ఇద్దరూ ఒకటేనని నేననడం లేదు. శ్రమ ఇంటికి వచ్చినప్పుడు దానితోబాటు ఆటంకాల భారం కూడా ఇంటికి వస్తుందన్నంత వరకే నా వాదం. ఈ భారం తప్పనిసరి కాదనడానికి కూడా సాక్ష్యం వున్నది. పని కోసం ఉద్యోగి సొంత ఫోనును తప్పనిసరిగా వాడవలసివస్తే ఆ ఖర్చులో న్యాయమైన భాగాన్ని యజమాని ఇవ్వవలసిందేనని కాలిఫోర్నియాలో ఒక అప్పీలు కోర్టు 2014లో చెప్పింది. అట్లా చెప్పడానికి ప్రకృతి నియమాలు ఏవీ అడ్డు రాలేదు.

*

తిరిగే హక్కు సంకేతంతోనే పూర్తి కాదు. నా దగ్గర ఇంటర్మీడియట్‌లో తెలుగు చదువుకున్న ఒక కుర్రవాడు ఇప్పుడు టెక్సస్‌లో వున్నాడు. పై నుంచి కింది దాకా ఇంట్లోంచే చేసే పని. "వాన్ కొనుక్కుని తిరుగుదామని ఎంత కోరికో మాస్టారూ, కాని నా కాగితం తిరగనివ్వదు" అన్నాడు. అతనిది హెచ్-1బి వీసా. ఆ దరఖాస్తులో పనిచేసే స్థలం ఏదో రాయాలి. 2015 ఏప్రిల్‌లో అక్కడి వలస శాఖ అప్పీళ్ల విభాగం ఇచ్చిన ఒక నిర్ణయం ప్రకారం, పనిచేసే చోటు ఆ నగర ప్రాంతం దాటి మారితే యజమాని సవరించిన దరఖాస్తు వేయాలి. కొద్ది రోజుల తాత్కాలిక పనికి మినహాయింపు వున్నది. నెలల తరబడి తిరగడానికి లేదు. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఆ వీసాలు పొందేవారిలో మూడింట రెండు వంతులకు పైగా భారతీయులు. వారిలో మన తెలుగువారు ఎందరో మనకు తెలుసు. ఒకే కంపెనీ, ఒకే పని, ఒకే ఇంటర్నెట్. మా అక్కకు చక్రాలు తిరుగుతాయి, ఆ కుర్రవాడికి తిరగవు. ఈ ఇద్దరి నడుమ వున్న కొండ ఏ రాతితో చేసినది?

పౌరులలో కూడా అందరికీ ఒకే దారి లేదు. 2017లో జెస్సికా బ్రూడర్ రాసిన ‘నొమాడ్‌లాండ్’ అనే పుస్తకం, దాని ఆధారంగా 2020లో వచ్చిన సినిమా చాలామందికి తెలిసినవే. 2008 సంక్షోభంలో చితికిపోయి, ఇల్లు నిలుపుకోలేక, వృద్ధాప్యంలో వాన్‌లలోకి చేరి గోదాములలో రుతువును బట్టి కూలి చేసేవాళ్ల కథ అది. వారూ అదే ఎడారిలో బండి ఆపుతారు. అక్కడి ప్రభుత్వ భూములలో సాధారణంగా ఒకచోట 14 రోజులకు మించి వుండకూడదు. జీతం వున్నవాడికి అది కొత్త దృశ్యం కోసం బయలుదేరే వేళ. లేనివాడికి వెళ్లగొట్టే నోటీసు. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో అమెరికా సుప్రీం కోర్టు, బహిరంగ స్థలాలలో మకాం వేసి పడుకునేవారిని, వారికి వేరే నీడ లేకపోయినా సరే, ఊళ్లు శిక్షించవచ్చునన్నది. తిరగడం ఒకరికి జీవన శైలి, మరొకరికి నేరం. సంచారం విషయంలో ఈ రెండు నాలుకల నీతి మనకు కొత్త కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి తెచ్చి, ఉప్పూ ధాన్యమూ మోసుకు తిరిగిన ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో కట్టిపడేసిన చరిత్ర మనది. ఆ చట్టం రద్దు కావడానికి 1952 దాకా ఆగవలసివచ్చింది.

*

ఇంతకూ వాన్‌లోని మనిషి చేయవలసినది ఏమిటి? ఇక్కడ నైతిక సమస్య వస్తున్నది. సంకేతం అందని చోట అతడు చేసే పని మరొక యంత్రం కొనడం. ఒక సిమ్ము చాలకపోతే రెండవది, రెండూ చాలకపోతే పళ్లెం, పళ్లానికి మరొక బ్యాటరీ. ప్రతి కొనుగోలూ అతని ఇబ్బందిని తీరుస్తున్నది. ప్రతి కొనుగోలుతోనూ ఆ లోయలో అందరికీ తీగ రావాలన్న కోరిక అతనిలో ఒక మెట్టు తగ్గుతున్నది. అతని దారికి పక్కనే నవాహో జాతి ప్రజల దేశం వున్నది. చుట్టూ ప్రపంచం చూడడానికి వచ్చే ఎర్రటి శిఖరాలు. ఆ శిఖరాల నీడన వేల ఇళ్లకు ఇప్పటికీ కరెంటే లేదు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఇద్దరు చిన్నపిల్లలు బడి పాఠాల కోసం ఒక హోటలు బయట నేల మీద కూర్చుని దాని వై-ఫై వాడుకుంటున్న ఫోటో దేశమంతటా తిరిగింది. ఆ హోటలు ముందరి జాగా వాన్‌లోవాడికీ తెలుసు. అతడు అక్కడికి వచ్చేది కొండలు చూసి. ఆ పిల్లలు వచ్చింది ఇంట్లో తీగ లేక.

"నా డబ్బుతో నేను కొనుక్కున్నాను, ఎవరికి అన్యాయం చేశాను?" అని అతడు అడగవచ్చు. నేరుగా ఎవరికీ చేయలేదు. కాని అతడు నడిపే రోడ్డు, ఆగే భూమి, వాడే గ్రంథాలయం, పైన తిరిగే తరంగం అన్నీ సమష్టివి. అట్లా తిరిగేవాళ్లు చాలామంది ఆదాయపు పన్ను లేని దక్షిణ డకోటా వంటి రాష్ట్రంలో ఉత్తరాల చిరునామా ఒకటి తీసుకుని ఆ రాష్ట్ర వాసులుగా చలామణీ అవుతారు. చట్టం ఒప్పుకుంటున్నది. అయినా సమష్టి నుంచి తీసుకుంటూ, దాన్ని నిలిపే బాధ్యతలో ఏ ఊరికీ చెందకుండా వుండడం స్వేచ్ఛ అనే మాటకు సరితూగదు. ఏ ఊరికీ చెందనివాడు ఏ ఊరి సభలోనూ లేచి "ఇక్కడ టవరు ఎందుకు లేదు?" అని అడగలేడు. తప్పించుకోగల శక్తి పెరిగిన కొద్దీ అడగగల శక్తి క్షీణిస్తున్నది. ఇదే అతని స్వేచ్ఛలోని లోటు.

దీనికి ఎదురు కొసన నిలబడి, "ఇదంతా బూర్జువా సరదా" అని కొట్టిపారేసే మన మిత్రులతో కూడా నేను ఏకీభవించలేను. పని ముగించిన మనిషి కొండల వైపు చూడాలని కోరుకోవడంలో పాపం ఏమున్నది? 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పని దినం కోరింది మిగతా గంటలు తమవి కావాలనే. ఆ గంటలు ఎక్కడ గడపాలో కూడా తామే నిర్ణయించుకోవాలన్న కోరిక దానికి కొనసాగింపే. కోరిక మంచిదే, దాన్ని ఒంటరిగా, ఒక్కొక్క యంత్రంగా కొనుక్కోవలసిరావడమే చెడ్డది.

కొనుక్కోవడం తప్ప దారి లేదా? వున్నదని అమెరికా చరిత్రే చెబుతున్నది. 1930ల నడుమ ఆ దేశపు రైతు ఇళ్లలో పదింట ఒకదానికి మాత్రమే కరెంటు వుండేది. లాభం లేదని కంపెనీలు పల్లెలకు తీగ లాగలేదు. ఆనాడు కూడా జనం "కరెంటు లేదు" అని ఊరుకోవచ్చు. స్తోమత వున్నవాడు సొంత జనరేటరు కొనుక్కోవచ్చు. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చింది. ప్రభుత్వం అప్పు ఇచ్చింది. రైతులు సహకార సంఘాలు పెట్టుకుని తీగలు లాగుకున్నారు. రెండు దశాబ్దాలు తిరిగేసరికి దాదాపు ప్రతి రైతు ఇంటా దీపం వెలిగింది. ఆ సంఘాలలో కొన్ని ఈనాడు ఇంటర్నెట్ తీగ కూడా లాగుతున్నాయి. ఫిన్లాండు 2010లో ప్రతి నివాసికీ నిర్ణీత వేగంతో ఇంటర్నెట్ చట్టబద్ధమైన హక్కు చేసింది. మన దేశంలో కేరళ హైకోర్టు 2019లో ఇంటర్నెట్ వాడుకునే హక్కు విద్యాహక్కులో భాగమని చెప్పింది. ఇందుకు విరుద్ధంగా, పేద కుటుంబాల ఇంటర్నెట్ ఖర్చులో నెలకు 30 డాలర్ల వరకు భరించిన అమెరికా ప్రభుత్వ పథకం, 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరి వుండగా, నిధులు ఇవ్వక 2024 జూన్ 1తో ముగిసింది. ఆ తరువాత తీగ తెగిన ఇళ్లలో ఏమనుకుని వుంటారు? "ఇంటర్నెట్ లేదు" అనే!

కాబట్టి మొదట వేసిన ప్రశ్నకు నా సమాధానం ఇది. చక్రాల ఇంట్లోని మనిషి ప్రకృతి విషయంలో స్వేచ్ఛను కొంత సంపాదించాడు. తరంగాన్ని, ఎండను, కొండను తెలుసుకున్నాడు గనుక అది అతని సొంతం. మనుషులు పెట్టిన నియమాల విషయంలో అతడు ఇంకా స్వేచ్ఛ పొందలేదు, కొంత సౌకర్యాన్ని నెలవారీ అద్దెకు తీసుకున్నాడు, అంతే. అద్దె ఆగిన నాడు ఆ సౌకర్యం ఆగుతుంది. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లనే తికమక వస్తున్నది. ఆ తికమక విప్పడంలో భాషతో పనిచేసే మన వంటివాళ్లకు ఒక బాధ్యత వున్నది. లేదు, రాదు, అందదు అనే కర్త కనిపించని వాక్యాలు ఎక్కడ వినిపించినా, ఇవ్వవలసినవాడు ఎవడు, ఎందుకివ్వలేదు అని అడిగి, అతన్ని వాక్యంలోకి తెచ్చి నిలబెట్టాలి. వాక్యం సరిపడినంత మాత్రాన లోయకు తీగ రాదని నాకు తెలుసు. కాని ఎవరిని అడగాలో తెలియని జనం ఏనాడూ దేన్నీ సాధించుకోలేదు.